చర్చిలోకి వచ్చిన హార్మోనియం, గుమ్మం దగ్గర ఆగిన డప్పు
(మన క్రైస్తవ మందిరాల సామాను చరిత్ర మీద కొన్ని ఆలోచనలు)

మన ప్రాంతంలో క్రైస్తవ మత చరిత్ర అంటే ఇప్పటిదాకా ముఖ్యంగా రెండు రకాల రాతలే వచ్చినాయి. ఒకటి మిషన్ సంఘాలు రాసుకున్న చరిత్ర. ఏ దొర ఏ సంవత్సరం ఏ ఊరికి వచ్చినాడు, ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చినాడు, ఎన్ని బడులు పెట్టినాడు అన్నది అందులో వుంటుంది. రెండోది అగ్రవర్ణ మేధావులు రాసిన చరిత్ర. మాల మాదిగలు పాలపొడికీ గోధుమలకీ ఆశపడి మతం మారినారని అది చెబుతుంది. మొదటిదాంట్లో మనవాళ్ళు అంకెలు, రెండోదాంట్లో అమాయకులు. రెండిట్లోనూ మనుషులు కారు. వాళ్ళు ఏం కోరుకున్నారు, ఏం వదులుకున్నారు, వదులుకున్నదాని ఖరీదు ఎంత అని అడిగినవాళ్ళు తక్కువ.

ఆ ప్రశ్న అడగడానికి ఈ వ్యాసంలో వొక చిన్న దారి పట్టినాను. చర్చి లోపలి సామాను చూద్దాం. బల్ల, గిన్నె, గంట, బెంచీ, హార్మోనియం. ఇవి ఎక్కడి నుంచి వచ్చినాయి, వీటిని ఎవరు చేసినారు, ఏ వస్తువు లోపలికి రానిచ్చినారు, ఏది గుమ్మం దగ్గరే ఆపేసినారు? మనవాళ్ళు రాసుకున్న కాగితాలు తక్కువ. కాబట్టి వాళ్ళు ముట్టుకున్న వస్తువులనే కాగితాలుగా చదువుకోవాల్సి వుంటుంది.

దొరల సంఘం, మా ఊర్లు

అవుకు, కోవెలకుంట్ల, ఆళ్ళగడ్డ, నంద్యాల వైపు క్రైస్తవానికి పెద్ద పునాది వేసింది ఎస్పీజీ అనే ఆంగ్లికన్ సంఘం. 1701లో లండన్లో పుట్టిన సంఘమది. 1850లలో జాన్ క్లే అనే పాదిరి ఇప్పటి చాగలమర్రి మండలంలోని ముత్యాలపాడును కేంద్రం చేసుకున్నాడు. తర్వాత నంద్యాల పెద్ద కేంద్రమైంది. ఎస్పీజీ హైస్కూలు పేరు నంద్యాలలో తెలియనివాళ్ళు వుండరు. ఈ సంఘంలో చేరినవాళ్ళలో ఎక్కువమంది మాలలు. ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టు మిషన్లో ఎక్కువమంది మాదిగలు. ఏ మిషన్ ఏ కులం వాడలో ముందు అడుగు పెట్టిందో ఆ మిషన్ ఆ కులం మిషన్ అయిపోయింది. ఈ సంగతిని ఇక్కడే గుర్తు పెట్టుకోవాలి. డప్పు దగ్గరికి వచ్చినప్పుడు ఇది మళ్ళీ ముందుకు వస్తుంది.

ఎస్పీజీ పద్ధతిలో ఆరాధన అంటే వాక్యం చదివి ప్రసంగం చెప్పడంతో అయిపోదు. పీఠం, కొవ్వొత్తులు, పాదిరి అంగీ, వెండి గిన్నె, మోకాళ్ళ మీద నిలబడే వరస, అన్నిటికీ వొక క్రమం వుంటుంది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి ఆంగ్లికన్లు, మెథడిస్టులు, కాంగ్రిగేషనలిస్టులు, ప్రెస్బిటీరియన్లు వొకటైనప్పుడు నంద్యాల ప్రాంతం ఆ ఐక్యతలో చేరలేదు. అప్పటిదాకా దోర్నకల్ అధ్యక్ష మండలంలో వున్న ఈ ప్రాంతం పాత ఆంగ్లికన్ సంఘంలోనే వుండిపోయింది. 1963లో నంద్యాల వేరే డయోసీస్ అయింది. హోలీ క్రాస్ చర్చి దానికి కథీడ్రల్. 1975లో గానీ సీఎస్ఐలో కలవలేదు. బిషప్పుల అధికారం మీద, గురువుల అభిషేకం మీద జరిగిన వాదన ఇది. పల్లెలో కూర్చున్న మనిషికి మాత్రం ఆ వాదన పీఠం, అంగీ, గిన్నె రూపంలోనే కంటికి కనబడి వుంటుంది.

ఆర్గన్ నడిచి వచ్చిన దారి

కథీడ్రల్ అనగానే యూరపులో పైపు ఆర్గన్ గుర్తుకొస్తుంది. వేల గొట్టాలు, వాటికి గాలి వూదే పెద్ద తిత్తులు. మద్రాసు, కలకత్తా లాంటి నగరాల్లో తెల్లవాళ్ళ చర్చిలకు అవి వచ్చినాయి. మన ఎండకూ చెదలుకూ అది తట్టుకునే వస్తువు కాదు, పల్లె సంఘం మోయగలిగిన ఖర్చూ కాదు. పల్లెకు వచ్చింది దాని తమ్ముడు హార్మోనియం. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబాఁ అనే అతను హార్మోనియం పేరుతో పేటెంటు తీసుకున్నాడు. గొట్టాలు లేకుండా ఇత్తడి రీడ్ల మీద గాలి పోయేటట్టు చేసిన వాద్యం అది. కాలితో తొక్కే ఆ పెట్టెను మడిచి మోసుకుపోయేటట్టు కూడా తయారుచేసినారు. మిషనరీలకు, పటాలం పాదిర్లకు అది అనుకూలమైంది. తర్వాత కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ కాళ్ళ తొక్కుడు తీసేసి, వెనక తిత్తిని చేత్తో వూదుకుంటూ నేల మీద కూర్చుని వాయించే హార్మోనియం తయారుచేసినాడు. ఇప్పుడు మనం చూసేది అదే.

ఇక్కడ వొక విషయం మన పరిశోధకులు గమనించాలి. హార్మోనియం ఇంగ్లాండ్ పల్లెల్లో కూడా వొకరిని బయటికి తోసే లోపలికి వచ్చింది. 19వ శతాబ్దం మధ్య దాకా అక్కడి పల్లె చర్చిల్లో పాటకు వాద్యం వాయించింది కూలినాలి జనం, చేతిపనుల వాళ్ళు. ఫిడేలు, క్లారినెట్, బసూన్ పట్టుకుని చర్చి వెనక భాగంలో మేడ మీద కూర్చునేవాళ్ళు. పెళ్ళిలో, సారాయి అంగట్లో వాయించే చేతులే ఆదివారం చర్చిలోనూ వాయించేవి. ఇది మర్యాదగా లేదని పాదిర్లు వాళ్ళను దించేసి హార్మోనియం పెట్టినారు. తెల్ల అంగీల గాయక బృందాన్ని నిలబెట్టినారు. థామస్ హార్డీ 1872లో అచ్చయిన నవలలో ఈ కథే రాసినాడు. ఆయన తాత, తండ్రి అట్లా చర్చిలో వాయించినవాళ్ళే.

అంటే ముత్యాలపాడుకు మిషన్ వచ్చిన కాలంలోనే ఇంగ్లాండ్ పాదిర్లు తమ సొంత పల్లెల్లో కూలివాళ్ళ వాద్యాలను చర్చిలో నుంచి తీసేస్తున్నారు. తన దేశపు కూలివాడి ఫిడేలే పనికిరానప్పుడు, మాదిగవాడి డప్పు ఆ దొర కంటికి ఆనుతుందా?

డప్పు ఎందుకు ఆగింది

అయినా తప్పంతా దొర మీద వేసి వూరుకుంటే చరిత్ర సగమే అవుతుంది. డప్పును వదిలేయాలని మన పెద్దలు కూడా కోరుకున్నారు. దానికి వాళ్ళ కారణాలు వాళ్ళకు వున్నాయి.

డప్పు ఊర్లో వట్టి వాద్యం కాదు. అది వెట్టి. జాతరకు కొట్టాలి, పీనుగు ముందర కొట్టాలి, దండోరా వెయ్యాలి. పిలిచినప్పుడు పోవాలి, పెట్టింది తినాలి. కొట్టను అనే హక్కు లేదు. ఒంగోలు వైపు జాన్ క్లౌ దొర చేరేవాళ్ళకు మూడు షరతులు పెట్టినాడు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. 1878 జూలై 3న వొక్కరోజే గుండ్లకమ్మ నదిలో 2222 మందికి బాప్తిస్మం జరిగింది ఈ ఉద్యమంలోనే. ఆ మూడో షరతు మీద నిలబడి మాదిగలు జాతరలో డప్పు కొట్టమన్నారు. పెత్తందార్లు వూరుకోలేదు. బావి కాడికి రానీలేదు, కూలి మాన్పించినారు, కొట్టినారు. అందుకే డప్పు దించడాన్ని మతం మార్పు అని మాత్రమే చెప్పకూడదు. అది సమ్మె. మన దళిత కార్మిక చరిత్రలో దాన్ని సమ్మెగానే రాయాలి.

సమ్మె చేసినవాడు పనిముట్టును కింద పెడతాడు. పనిముట్టును ఎప్పటికీ అసహ్యించుకోవాలని దాని అర్థం కాదు. కానీ మన చర్చిల్లో జరిగింది అదే. ఊరి పెత్తనానికి ఎదురుగా డప్పు దించినవాళ్ళకు, తమ సొంత గుడిలో తమ ఇష్టంతో దాన్ని ఎత్తుకునే అవకాశం ఇయ్యలేదు. అది దయ్యాల వాద్యం, అంటు వాద్యం అన్నారు. ఊర్లో పెద్దకులాలవాళ్ళు అన్న మాటే చర్చిలో కొత్త మాటగా వినబడింది.

డప్పు బయట ఆగడానికి తోలు కారణమని కొందరంటారు. ఆ వాదన నిలబడదు. పైపు ఆర్గన్ తిత్తులు గొర్రెతోలుతో చేసినవి. హార్మోనియం మెట్ల కింద గాలి ఆపే చెక్కలకు మెత్తటి తోలు అంటించి వుంటుంది. పాదిరి చేతిలోని వేదగ్రంథం అట్ట తోలు, ఆయన కాళ్ళ బూట్లు తోలు. కర్ణాటక సంగీతంలో మృదంగం కూడా ఇట్లాంటిదే. టీ.ఎం. కృష్ణ 2020లో తెచ్చిన పుస్తకంలో మృదంగాలు చేసే తమిళనాడు దళిత క్రైస్తవ కుటుంబాల చరిత్ర వుంది. గొడ్డుతోలు చీరి, ఆరబెట్టి, బిగించి, శ్రుతి పలికించేది వాళ్ళు. సభలో ముందు వరసలో కూర్చుని పేరు తెచ్చుకునేది బ్రాహ్మణ విద్వాంసులు. తోలు ఎక్కడైనా పోతుంది. తోలును తోలుగా చూపించే చేతికే అడ్డం.

అమెరికాలో నల్లవాళ్ళ చరిత్ర కూడా ఇక్కడ మనకు పనికొస్తుంది. 1739లో దక్షిణ కరొలినాలో స్టోనో దగ్గర బానిసలు డోళ్ళు మోగించుకుంటూ తిరగబడినారు. మరుసటి సంవత్సరం చేసిన చట్టంలో బానిసలు డోలు వాయించడం నేరమైంది. అక్కడ డోలు తిరుగుబాటుకు పిలుపు కాబట్టి యజమాని నిషేధించినాడు. ఇక్కడ డప్పు యజమానికి సేవ కాబట్టి మనవాళ్ళే దించినారు. రెండూ వొకటి కాదు. రెండింటినీ కలిపేసి మాట్లాడే తేలిక వాదనలకు మనం పోకూడదు.

ఇక పాట సంగతి. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీస్తే కీర్తన మీద రాగం, తాళం అచ్చువేసి వుంటాయి. ఆ కీర్తనల తొలి పెద్ద రచయిత పురుషోత్తమ చౌధరి (1803–1890) బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చినవాడు. ఆయన భక్తినీ కవిత్వాన్నీ తక్కువ చేయడం లేదు. మా అవ్వలు బడి మొహం చూడకుండా ఆ కీర్తనలు నోటికి నేర్చుకున్నారు. శాస్త్రీయ రాగం తమ గొంతుతో పాడినారు, అది చిన్న విషయం కాదు. కానీ చూడండి: రాగం పెద్దకులాల నుంచి, వాద్యం పారిస్ నుంచి, గొంతు మాలపల్లె నుంచి. చిందు, బైండ్ల, డక్కలి కళాకారుల బాణీలకు, జమిడికకు, కిన్నెరకు ఆ పుస్తకంలో చోటెంత? డక్కలి కిన్నెర వాయించే మొగులయ్యకు 2022లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ప్రభుత్వం గుర్తించిన వాద్యాన్ని మన సంఘాలు ఇంకా గుర్తించాల్సి వుంది.

హార్మోనియాన్ని కూడా పెద్దవాళ్ళ సంగీతం మొదట రానీలేదు. గమకం పలకదని ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని నిషేధించింది. పద్యనాటకాలు, భజన మందిరాలు, మన చర్చిలు మాత్రం దాన్ని నిలబెట్టినాయి. ఆ రకంగా హార్మోనియం మనకు పరాయిది కాదు.

రెండు కథీడ్రల్స్

తెలుగు నేల మీద రెండు పెద్ద కథీడ్రల్స్ ఈ సామాను ప్రశ్నకు రెండు జవాబులు ఇచ్చినాయి.

మొదటిది మెదక్. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ 1914లో మొదలుపెట్టించిన కట్టడం 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది. వంద అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, దాదాపు 175 అడుగుల గోపురం. కరువు కాలంలో కూలికి వచ్చిన జనం కట్టినారు. నేల మీద పరిచిన రంగు పలకలు సముద్రం దాటి వచ్చినాయి. మూడు పెద్ద అద్దాల కిటికీలు ఇంగ్లీషు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసినవి. ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో అమర్చినారు. ఆ కిటికీల మీద ఏ ముక్క ఏ రంగో మనకు పుస్తకాలు చెబుతాయి. రాళ్ళు మోసిన కూలీలు మాత్రం ఆ పుస్తకాల్లో ‘కరువు జనం’ అనే వొక్క మాటలో సర్దుకున్నారు.

రెండోది దోర్నకల్. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు వి.ఎస్. అజరయ్య కట్టించిన ఎపిఫనీ కథీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. తమిళ నాడార్ కుటుంబం నుంచి వచ్చిన అజరయ్య సంఘంలో ఎక్కువమంది మాల మాదిగలే. కథీడ్రల్ పాశ్చాత్యంగా వుండకూడదని ఆయన పట్టు. అందుకే గుమ్మటాలు మసీదు పద్ధతిలో, లోపల స్తంభాలు దేవాలయ మంటపం పద్ధతిలో కట్టించినాడు. తామరపూవు మీద సిలువ చెక్కించినాడు. తెల్లబిషప్పుల కాలంలో ఇది ధైర్యమైన పని. ఆ గౌరవం ఆయనకు ఇవ్వాలి.

ఇచ్చిన తర్వాత వొక ప్రశ్న కూడా వెయ్యాలి. ఏ మంటపపు స్తంభాలను నమూనాగా తీసుకున్నారో, ఆ మంటపాల్లోకి అప్పటికి మాల మాదిగలకు ప్రవేశం లేదు. భారతీయత అంటే దేవాలయం, మసీదు అనుకున్నారు. మన బొడ్రాయి, మన ఎల్లమ్మ గద్దె, మన బోదకొట్టం, మన డప్పు భారతీయత లెక్కలోకి రాలేదు. పాశ్చాత్యం వద్దన్నప్పుడు దాని స్థానంలో వచ్చి కూర్చునే ‘దేశీయం’ ఎవరిది అన్నది ఈనాటి మన సాహిత్య, సాంస్కృతిక చర్చల్లో కూడా అసలు ప్రశ్న.

కూర్చునే చోటు, తాగే గిన్నె

సామాను వల్ల మనవాళ్ళకు పోయిందే కాదు, వచ్చిందీ వుంది. అది చెప్పకపోతే అన్యాయం.

పెద్దకులపోడు వస్తుంటే మంచం మీద నుంచి దిగి నిలబడాల్సిన మనిషికి బెంచీ అంటే ఏమిటి? బెంచీ మీద కూర్చుని, పాదిరి లోపలికి వచ్చినప్పుడు గౌరవంతో తానుగా లేచి, మళ్ళీ కూర్చోవడం వొక కొత్త అలవాటు. గంట కూడా అంతే. ఊర్లో చాటింపు వేసేది మాదిగవాడు, వినేది ఊరు. చర్చి గంట కొట్టేది కూడా మనవాడే, కానీ ఆ గంట పిలిచేది మనల్ని. మన పొద్దును మనమే లెక్కపెట్టుకోవడం అక్కడ మొదలైంది.

అన్నిటికంటే పెద్దది ప్రభు భోజనపు గిన్నె. ఒకే గిన్నె, అందరి పెదవులు. ఊరి బావిలో చేద వెయ్యనీయని దేశంలో ఇది ఎంత పెద్ద మాటో చెప్పనక్కర్లేదు. ఆ గిన్నె దగ్గరే కులం ఎదురు తిరిగింది కూడా. తమిళ ప్రాంతంలో వెల్లాల క్రైస్తవులు వేరే వరస, వేరే గిన్నె కావాలని పట్టుబట్టినప్పుడు 1833లో కలకత్తా బిషప్పు డేనియల్ విల్సన్ చర్చిలో కులభేదం పూర్తిగా వదలాలని ఉత్తరువు ఇచ్చినాడు. చాలామంది చర్చినే వదిలిపోయినారు గానీ కులం వదల్లేదు. వడక్కన్‌కుళం కథోలిక చర్చిలో వెల్లాలలకూ నాడార్లకూ మధ్య గోడే కట్టినారు. 1910లో గానీ అది కూలలేదు.

మన వైపు ఆ గోడ వేరే రకం. మాలపల్లెలో వొక చర్చి, మాదిగపల్లెలో ఇంకొక మిషన్ చర్చి. గోడ కట్టాల్సిన అవసరమే లేకుండా గిన్నెలు వేరైనాయి. అందుకే డప్పు గుమ్మం దగ్గర ఆగిందంటే అది దొర ఆజ్ఞ వల్లనే అనుకోవద్దు. మాలల సంఘంలో డప్పు రాకపోవడానికి అది మాదిగ వాద్యం కావడం కూడా వొక కారణం. ఈ మాట మనలో మనం చెప్పుకోవడం కష్టం. 1994లో దండోరా ఉద్యమం అదే డప్పును జెండాగా ఎత్తుకున్నప్పుడు, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి ఇచ్చినప్పుడు, ఈ కష్టమైన మాట చర్చిలోనూ మాట్లాడుకోవాల్సిన మాటే అయింది.

చర్చి నేల మీద పరిచిన బండ గురించి కూడా వొక మాట. మా అవుకు, బేతంచెర్ల, బనగానపల్లె నాపరాయి ఇండ్లకూ, గుడులకూ, చర్చిలకూ పోతుంది. గనిలో రాయి కొట్టేవాళ్ళలో, ఫ్యాక్టరీలో నునుపు పట్టేవాళ్ళలో దళితులు చాలామంది. మెదక్ పలకలకు పుట్టిన దేశం పేరు చెప్పుకుంటారు. నాపరాయికి కొట్టిన చేతుల పేరు చెప్పే అలవాటు మనకింకా రాలేదు.

ఇప్పుడు ఏం చేయాలి

ఇప్పుడు చిన్న పల్లె చర్చిలో కూడా కీబోర్డు, రిథమ్ ప్యాడ్ వున్నాయి. ప్యాడ్‌లో డప్పు శబ్దం నింపి పాటకు వాయిస్తున్నారు. శబ్దం లోపలికి వచ్చేసింది, కొట్టే మనిషి ఇంకా రాలేదు. దీన్ని విజయం అనుకుంటే పొరపాటు. ప్యాడ్ మీద తప్పు లేదు. అమెరికా నల్లవాళ్ళు 1935లో అమ్మకానికి వచ్చిన హామండ్ ఎలక్ట్రిక్ ఆర్గన్‌ను పైపు ఆర్గన్ కొనలేని చర్చిల్లో పెట్టుకుని, దాని మీద తమ ఏడుపునూ ఉత్సాహాన్నీ పలికించి, సొంత వాద్యం చేసుకున్నారు. ఆ ఆర్గన్ వాయించింది వాళ్ళ చేతులే.

తమిళనాడులో థియోఫిలస్ అప్పావు (1940–2005) మదురై వేదాంత కళాశాలలో వుండి పల్లె బాణీలనూ పఱై మోతనూ ఆరాధనలోకి తెచ్చినాడు. సత్యనాథన్ క్లార్క్ 1998 నాటి తన పుస్తకంలో పఱైయర్ల డోలును దళిత వేదాంతానికి కేంద్రంగా చూపించినాడు. తెలుగులో కూడా అక్కడక్కడా డప్పు మోగుతోంది. ఎక్కువగా పండగరోజు ఊరేగింపులో, అతిథి వచ్చినప్పుడు, అలంకారంగా. మళ్ళీ ‘పిలిస్తే వచ్చి కొట్టిపోయే’ డప్పు అయితే అది పాత వెట్టికి కొత్త అంగీ తొడిగినట్టే. డప్పు రావాలంటే మూడు జరగాలి. కొట్టేవాడు తన ఇష్టంతో కొట్టాలి. మాలా మాదిగా వొకే గిన్నె దగ్గర నిలబడాలి. డప్పు దించిన పెద్దల సమ్మెను ఆ డప్పు మోతలోనే గుర్తు చేసుకోవాలి. వద్దు, మా తాతలు దించింది మేం ఎత్తము అనే మాదిగ క్రైస్తవుడికి ఆ హక్కు కూడా వుంది.

విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ వొక పని చెప్పి ముగిస్తాను. మీ ఊరి చర్చికి పోండి. గంట మీద అచ్చు పడిన అక్షరాలు రాసుకోండి. హార్మోనియం ఎవరు కొన్నారు, ఎన్ని కుటుంబాలు చందా వేసినాయి అడగండి. బల్ల చేసిన వడ్రంగి ఎవరు, నేల బండలు ఏ గని నుంచి వచ్చినాయి, వాటిని పరిచిన కూలీలు ఏ పల్లెవాళ్ళు రాసుకోండి. మీ ఊర్లో డప్పు ఏ సంవత్సరం దించినారు, ఎందుకు దించినారు, ఆ తర్వాత ఊరు ఏం చేసింది అని ముసలోళ్ళనూ, ముఖ్యంగా ముసలమ్మలనూ అడగండి. దొరల పేర్లు లండన్ కాగితాల్లో భద్రంగా వున్నాయి. మనవాళ్ళవి ఇప్పుడు ఎనభై తొంభై యేళ్ళున్న మనుషుల నోట్లో మాత్రమే వున్నాయి.